రెండు పేర్లు, ఒక వేలిముద్ర

బయల్దేరక ముందు

నేను వెళ్ళొచ్చింది కాశీకి కాదు. బెజవాడ నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేటకు, అక్కణ్ణుంచి వేదాద్రికి. ఎర్రబస్సులో పూట ప్రయాణం కూడా లేని దారి. దీన్ని యాత్ర అన్నందుకు మా ఆవిడ నవ్వింది. అయినా రాస్తున్నాను. ఆ నాలుగు రోజుల్లో వచ్చినంత కోపం నాకు పదమూడేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. అందులో సగం నా మీదే వచ్చింది.

నేను పర్సొనెల్ ఆఫీసర్ని. అంటే కంపెనీలో మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, తీసెయ్యడం, సెలవులు, తగాదాలు చూసేవాణ్ణి. ఢిల్లీలో ఒక చట్టం మారితే ముందు నిద్ర చెడేది మాకే. డెబ్బైల్లో అవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గ్రాట్యుటీ ఇమ్మన్నారు. కాంట్రాక్టు కూలీల వివరాలు చూపించమన్నారు. ఒకే పనికి ఆడామగా ఇద్దరికీ ఒకే కూలి అన్నారు. ప్రతిసారీ మేం చేసింది ఒకటే. పుస్తకం తెప్పించి, అందులో ఏమివ్వాలో చూడకుండా, ఎక్కడ తప్పించుకోవచ్చో అక్కడ ఎర్రపెన్సిలుతో గీతలు పెట్టుకునేవాళ్ళం. సమాన కూలి చట్టం వచ్చిన నెలలోనే మా పాత కంపెనీలో మగవాళ్ళ పనికి పేరు మార్చేశాం. ఆడవాళ్ళు చేసేది ఆ పని కాదని కాగితం మీద తేలిపోయింది.

వీటన్నిటికంటే మమ్మల్ని బాగా భయపెట్టింది రెండువందల నలభై రోజుల నియమం. ఏడాదిలో అన్ని రోజులు పనిచేసిన మనిషిని ఊరికే పొమ్మనడానికి వీల్లేదు. నోటీసివ్వాలి, పరిహారం ఇవ్వాలి. అందుకని గుంటూరులో నేను మొదట చేరిన పొగాకు కంపెనీలో ఒక ఉపాయం చేశాను. ఆ సంఖ్య దాకా రాకుండా జనాన్ని మధ్యలో నెలో, నెలన్నరో ఇంటికి పంపించేవాణ్ణి. దానికి ‘రెస్టు’ అని పేరు పెట్టింది నేనే. మా మేనేజరు భుజం తట్టాడు. ఆ సాయంత్రం అరకిలో మైసూరుపాకు కొనుక్కుని ఇంటికెళ్ళాను.

ఎనభై నాలుగులో ఆ చట్టానికి ఇంకో సవరణ అమల్లోకి వచ్చింది. ఇన్ని నెలలకని ముందే కాగితం రాసుకుని మనిషిని పెట్టుకుంటే, గడువు తీరాక పంపెయ్యడం ‘తీసెయ్యడం’ కిందికి రాదు. అప్పటికి నేను బెజవాడలో ఇంకో కంపెనీకి మారాను. మరుసటేడు మాఘమాసంలో అక్కడి జనరల్ మేనేజరు పిలిచి పద్దెనిమిది టైపు కాగితాలు నా చేతిలో పెట్టారు. జగ్గయ్యపేట అవతల మా కంపెనీకి ఒక రాళ్ళమిల్లు ఉంది. అక్కడ పద్దెనిమిది మంది ఆడవాళ్ళు సున్నపురాయిని తట్టలతో క్రషరుకు, అంటే రాళ్ళు నలగ్గొట్టే యంత్రానికి, మోస్తారు. ఆరు నెలల్లో అక్కడ రాళ్ళను మోసుకెళ్ళే బెల్టు పెడుతున్నారు. ఆ తర్వాత తట్టలతో పనిలేదు.

“ఆర్నెల్లకని రాసుందిగా, వేలిముద్రలు వేయించుకురా రామ్మూర్తీ. బెల్టు వచ్చేనాటికి గడువు తీరిపోతుంది. సవరణ మన కోసమే చేశారయ్యా,” అన్నారాయన.

నాకప్పుడు కోపం రాలేదు. బస్సు టైములు కనుక్కున్నాను.

నందిగామ

మాది అవనిగడ్డ వైపు. కాలవ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు మెట్ట అంటే కొంచెం చిన్నచూపు ఉంటుంది. కీసర దగ్గర బస్సు మున్నేరు దాటుతుంటే, ఇసకలో సన్నటి పాయ చూసి ఇదా ఏరు అనుకున్నాను. ఏరు దాటాక ఒక గుంటలో బస్సు ఎగిరింది. వేలిముద్రల కోసం తెచ్చిన ఇంకుడబ్బా మూత ఊడి, ఊదారంగు సిరా సంచిలోంచి నా తెల్లచొక్కా మీదికి కారింది. కాగితాలకు మాత్రం ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న రైతు చొక్కాని పరీక్షగా చూసి, “ఇంక పోదండి అది,” అని నిర్ణయం చెప్పి కిటికీ వైపు తిరిగాడు.

నందిగామలో మెస్సులో భోజనం నాలుగు రూపాయలు. పండుమిరపకాయల కాలం. పచ్చడి వెయ్యబోతే చాలన్నాను. వడ్డించే ఆయన నొచ్చుకుని, “కొత్త కారం అండి, మా చేలోది,” అని ఇంకో గరిటె వేశాడు. మా వైపు అన్నంలోకి పప్పు ముందు కలుపుతాం. ఇక్కడ పచ్చడి ముందు కలుపుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తింటారు. నేనూ తుడుచుకుంటూనే తిన్నాను. బావుంది.

చదివి వినిపించగా అర్థం చేసుకుని వేసిన నిశానీ, అంటే వేలిముద్ర, అని ప్రతి కాగితం కింద తెలుగులో రాయించమన్నాడు మా వకీలు. అందుకని మునసబు కోర్టు ప్రహరీ పక్కన రేకుల పంచలో కూర్చునే దస్తావేజు రాసే పిచ్చయ్య గారి దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దగ్గర పడిన మనిషి. కళ్ళజోడు ఒక కాలికి దారం కట్టుకున్నాడు. మొదటి కాగితం చదివి తల పైకెత్తాడు.

“మారుపేరు రాసే చోటేదండి?”

“దేనికండి?”

“ఇక్కడ సగం మందికి రెండు పేర్లుంటయ్యండి. రేషను కార్డులో ఒకటి, చర్చిలో ఒకటి. ఒక్కటే రాశారనుకోండి, రేపు ఆ మనిషి నేను కాదంటది. నేనైతే ఫలానా అనబడే ఫలానా అని రాస్తా.”

నాకది ఆయన చాదస్తం అనిపించింది. అన్నిటి కిందా వాక్యం రాసి, ఆరు రూపాయలు తీసుకుని, ఆయన మళ్ళీ అడిగాడు.

“కార్బన్లు తెచ్చుకున్నారా?”

“వాళ్ళకి కాపీ ఇవ్వడం లేదండి.”

పిచ్చయ్య గారు కళ్ళజోడు తీశాడు. “యాభై ఏళ్ళ నుంచి రాస్తన్నా. నిశానీ వేయించుకుని కాపీ ఇవ్వని కాగితం నేనెప్పుడూ రాయలేదండి. ఇవాళ రాశా.”

ఆరు రూపాయలూ నా చేతిలో తిరిగి పెట్టేశాడు. నేను వద్దంటే వినలేదు. సిగ్గేసి, ఆ డబ్బుతోనే ఎదురుగా ఉన్న కొట్లో కార్బను కాగితాలూ తెల్లకాగితాలూ కొన్నాను. కొన్నంత మాత్రాన వాడాలని ఏముంది, అని నాకు నేనే చెప్పుకున్నాను.

జగ్గయ్యపేట

మర్నాడు శనివారం. చిల్లకల్లు దగ్గర దిగితే మిల్లు టైమ్‌కీపరు శేషగిరి సైకిలు పట్టుకుని ఉన్నాడు. హాజరు పట్టీలన్నీ అతని చేతిలోనే. నలభై ఏళ్ళవాడు, మాటకారి, మర్యాదకు లోటు చెయ్యని మనిషి. నన్ను రిక్షా ఎక్కించి తను పక్కనే తొక్కుకుంటూ వచ్చాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. అతని భార్యది కోదాడ వైపు. జొన్నరొట్టె పెట్టి, “పుంటికూర వేసుకోండి,” అంది. చూస్తే గోంగూర. పది మైళ్ళు జరిగితే కూరకు పేరు మారిపోతుందన్న మాట అనుకున్నాను. ఆ ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. నాకోసం ఎవరింటి నుంచో బిందెడు మంచినీళ్ళు తెప్పించారు. వాళ్ళు మాత్రం ఉప్పు నీళ్ళే తాగారు.

సాయంత్రం మిల్లు ఆఫీసు గదిలో నాలుగేళ్ళ మస్టర్లు, అంటే ఆ హాజరు పట్టీలు, ముందేసుకున్నాను. వారానికోసారి ప్రతి పేరు ఎదురుగా వేలిముద్ర. తలుపు సందులోంచి వచ్చిన రాతిపొడి ప్రతి పేజీ మీదా పేరుకుని ఉంది. కొన్ని పేర్లు మధ్యమధ్యలో ఆగి మళ్ళీ వస్తున్నాయి. ఎక్కువ పేర్లు మాత్రం ఆరేసి నెలలు ఉండి మాయమవుతున్నాయి. వాటి చోట కొత్త పేర్లు వస్తున్నాయి. అవీ ఆరు నెలలే. ఏ పేరుకూ రెండువందల నలభై రోజులు లేవు.

ఇంతమంది ఎక్కడి నుంచి వస్తున్నారబ్బా అనుకుంటూ పేజీలు తిప్పుతుంటే ఒక వేలిముద్ర దగ్గర ఆగాను. కోటేశ్వరమ్మ అనే పేరు ఎదురుగా బొటనవేలి గుర్తు మధ్యలో ఏటవాలుగా తెల్లటి గీత ఉంది. రాయి తెగ్గొట్టిన గాయం మానితే అలాంటి గీత పడుతుంది. ఆరు నెలల తర్వాత కోటేశ్వరమ్మ లేదు. మార్తమ్మ అని ఒకామె ఉంది. ఆమె వేలికీ అదే గీత, అదే వాటంగా. ఇంకో ఆరు నెలలు తిప్పాను. మళ్ళీ కోటేశ్వరమ్మ వచ్చింది. నాలుగేళ్ళుగా ఆ గీత ఒక్క వారం కూడా మానలేదు.

నందిగామలో పిచ్చయ్య గారి మాట అప్పుడు అర్థమైంది. శేషగిరి టీ పంపించాడు. అది తాగుతూ ఆ గీత ఉన్న వారాలన్నీ లెక్కపెట్టుకున్నాను.

వేదాద్రి

ఆదివారం మిల్లుకు సెలవు. వచ్చినవాళ్ళు నరసింహస్వామిని చూడకుండా వెళ్ళకూడదని శేషగిరి నన్ను సైకిలు మీద వేదాద్రి తీసుకెళ్ళాడు. కృష్ణ అక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెప్పలేను. మా వైపు సముద్రం దగ్గరయ్యేసరికి నీళ్ళు చిక్కటి మట్టిరంగులోకి తిరుగుతాయి. ఇక్కడ అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. మెట్లు దిగుతుంటే చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే దర్శనానికి నిలబడితే పూజారి కోప్పడ్డాడు. దాన్ని బయట పెట్టి, ఊదా మరకల చొక్కాతో లోపలికి వెళ్ళాను.

తర్వాత మెట్ల మీద కూర్చుని పులిహోర విప్పాడు శేషగిరి. నేను ఆ గీత సంగతి అడిగాను. అతను దాచడానికి ప్రయత్నించలేదు. పైగా సంతోషించాడు.

“కనిపెట్టేశారన్నమాట. పదకొండు మంది క్రైస్తవపేట వాళ్ళండి. ఇంట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. ఆర్నెల్లు అదీ, ఆర్నెల్లు ఇదీ. లేబరు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసినా ఏ పేరూ రెండొందల నలభై దాటదు. వాళ్ళకీ పని ఆగదు, మనకీ గొడవ లేదు.”

“మిగిలిన ఏడుగురూ?”

“వాళ్ళకి రెండో పేరు లేదండి. అందుకని రెస్టు. ఏడాదికి రెండు సార్లు నెలన్నర చొప్పున కూర్చోబెడతాం. ఇది గుంటూరు పొగాకు కంపెనీల్లోంచి వచ్చిందంటండి. ఎవరు కనిపెట్టారో గానీ గట్టి బుర్ర.”

పులిహోర పొట్లం మెట్టు మీద పెట్టేశాను. ఎక్కడో గుంటూరు గోడౌనులో నేను పలికిన మాట నాకంటే ముందు ఇక్కడికొచ్చి నాకోసం ఎదురుచూస్తోంది. ఆ ఏడుగురు ఏడాదిలో మూడు నెలలు ఏం తింటున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు. శేషగిరిని తిడదామనుకున్నాను. ఏమని తిట్టాలి? అతను చేసింది నేను నేర్పిందే.

తిరిగొచ్చేటప్పుడు క్రైస్తవపేట దగ్గర చర్చి నుంచి వస్తున్న ఆడవాళ్ళు ఎదురయ్యారు. శేషగిరి ఒకామెను చూపించి, “అదుగోండి మీ గీత మనిషి,” అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, చంకలో బైబులు. కుడి బొటనవేలి మీద గాయం గుర్తు దూరానికే తెలుస్తోంది. శేషగిరి సైకిలు దిగి ఎవరితోనో మాట్లాడుతుంటే నేనామెను అడిగాను.

“మిల్లులో నీ చర్చి పేరు కూడా చెప్పావటమ్మా, ఎందుకు?”

“అడిగారండి,” అంది. “టైంకీపరు గారే అడిగారు, మీకు చర్చిలో ఇంకో పేరుంటదిగా, ఏంటమ్మా అది అని. ఊళ్ళో ఎవ్వరూ ఆ పేరు అడగరండి. పిలవరు. కంపెనీ పుస్తకంలో రాస్తామంటే మా అందరికీ సంతోషమేసింది. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పా.”

మర్యాదగా అడిగారనుకుని ఇచ్చిన పేరుతో నాలుగేళ్ళుగా ఆమెనే మోసం చేస్తున్నారు. ఆ రాత్రి మిల్లు గెస్టుహౌసులో పడుకునే ముందు సంచిలోంచి కార్బన్లు తీసి కాగితాల మధ్య పెట్టుకున్నాను.

సోమవారం

పొద్దున్నే క్రషరు ఇంకా మొదలుకాకముందు షెడ్డులో పద్దెనిమిది మందీ కూర్చున్నారు. తలగుడ్డలు, తట్టలు పక్కన. కాగితంలో ఏముందో మూడు ముక్కల్లో చెప్పి ముద్రలు వేయించమన్నారు నన్ను. నేను మొత్తం చదివాను. ఇంగ్లీషు చదివి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను.

“ఆర్నెల్ల తర్వాత?” అంది మార్తమ్మ.

“బెల్టు వస్తుంది. మిమ్మల్ని పంపేస్తారు.”

“ఏవన్నా ఇస్తారా అండి?”

“ఈ కాగితం మీద ముద్ర వేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు.”

“వెయ్యకపోతే?”

“రేపట్నించే రావద్దంటారు.”

శేషగిరి నా వైపు చూసి దగ్గాడు. వెనక వరసలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. మార్తమ్మ ఏడవలేదు. “నాలుగేళ్ళ నుంచి మోస్తన్నా కదండి,” అంది. నన్ను అడుగుతున్నట్టు లేదు, గుర్తు చేస్తున్నట్టు ఉంది.

“నీ పేరు చెప్పమ్మా,” అన్నాను.

“ఏ పేరు కావాలండి?”

“రెండూ చెప్పు.”

పేరు దగ్గర ‘కోటేశ్వరమ్మ అనబడే మార్తమ్మ’ అని రాశాను. పూర్వపు సర్వీసు అనే చోట మా వాళ్ళు ‘లేదు’ అని టైపు చేయించారు. దాన్ని కొట్టేసి, ‘నాలుగేళ్ళుగా, మిల్లు మస్టర్లలో రెండు పేర్లతో, మధ్యలో ఆగకుండా’ అని రాశాను. కంపెనీ ఆఫీసరే అలా ఒప్పుకుని సంతకం పెడితే ఇక ఆర్నెల్ల గడువు అన్న సాకు నిలవదు. కొట్టేసిన చోట నా పొట్టి సంతకం, కింద పొడుగు సంతకం, దాని మీద కంపెనీ ముద్ర. కార్బను కింద తెల్లకాగితం మీద నేను రాసిందంతా పడింది. దాని మీద కూడా విడిగా కంపెనీ ముద్ర వేశాను. ఆమె బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది. గీత స్పష్టంగా పడింది. తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని, ముద్ర పక్కన మార్తమ్మ అని కూడబలుక్కుని రాసింది. చర్చిలో నేర్చుకుందట. ఇన్నేళ్ళూ వేలిముద్ర చాల్లే అని శేషగిరి ఆమెను సంతకం పెట్టనివ్వలేదట.

“సార్, ఇది హెడ్డాఫీసు వాళ్ళు చూస్తే మీ ఉద్యోగం ఉండదండి,” అన్నాడు శేషగిరి, మెల్లగా, నిజంగా నా మంచి కోరి.

“చూడాలనే రాశానయ్యా. మస్టర్లు జాగ్రత్త. ఒక్క పేజీ పోయినా నువ్వే చెప్పాలి సమాధానం,” అన్నాను. నా గొంతు అంత పెద్దది చేయడం నాకే కొత్త. ఈ సవరణ రాసినవాళ్ళు ఎవరో, వాళ్ళెప్పుడైనా తట్ట ఎత్తారో లేదో అడగాలనిపించింది. వాళ్ళు ఎదురుగా లేరు కాబట్టి అతని మీద అరిచాను.

పదకొండు మందికీ అలాగే రాశాను. కాపీలు వాళ్ళ చేతుల్లో పెట్టాను. మార్తమ్మ తన కాపీ మడిచి జాకెట్లో దోపుకుని అడిగింది.

“మీకూ ఇట్టాంటి కాగితం ఉందా అండి?”

“ఉందమ్మా.”

“ఎన్నాళ్ళకని రాశారు?”

“నెల ముందు చెప్పి ఎప్పుడైనా పంపెయ్యొచ్చని రాశారు.”

“మరి మీరేం మాట్టాడలేదా?”

“అప్పుడు మాట్లాడలేదు,” అన్నాను.

మిగిలిన ఏడుగురి పేర్లు ముందేసుకున్నాను. వాళ్ళ మస్టర్లు మళ్ళీ తిప్పాను. పని, రెస్టు, పని, రెస్టు. ఎక్కడా రెండువందల నలభై లేవు. ఎంత వెతికినా ఒక్క రోజు కూడా అదనంగా దొరకలేదు. ఆ పని నేను బాగానే నేర్పాను.

తిరుగుదారి

బెజవాడ చేరిన పదో రోజున నాకు కాగితం వచ్చింది. నెల జీతం ఇచ్చి పంపించేశారు. దావా వేద్దామని ఒక వకీలును కలిస్తే, చట్టంలో పనివాడంటే ఎవరో చెప్పే పేజీ తీసి చూపించాడు. పదమూడేళ్ళు నేను ఇతరుల మీద వాడిన పేజీయే అది. అందులో ఆఫీసర్లు రారు.

మూడు నెలల తర్వాత పిచ్చయ్య గారి కార్డు వచ్చింది. మార్తమ్మ, ఇంకో ఇద్దరూ కాపీలు పట్టుకుని నందిగామ వచ్చారట. ఆయన అర్జీ రాసి లేబరు ఆఫీసుకు పంపాడట. ‘మీ అక్షరాలు చూసి కంపెనీ వకీలు కోర్టు దాకా వద్దన్నాడండి. బెల్టు వచ్చాక పదకొండు మందినీ దాని మీద రాళ్ళేరే పనిలో ఉంచుతామని ఒప్పుకున్నారు. కాపీలిచ్చారు కాబట్టి ఆ ఆరు రూపాయలు ఇప్పుడు పంపండి, తీసుకుంటా,’ అని రాశాడు. చొక్కా మరక మాత్రం ఏ సబ్బుకీ పోలేదు. మా ఆవిడ దాన్ని పారేస్తానంటే వద్దన్నాను.

ఇది చదివి నేనేదో గొప్ప పని చేశానని ఎవరైనా అనుకుంటే నాకు కోపం వస్తుంది. అందుకే ఆ సోమవారం చివర జరిగింది కూడా చెబుతున్నాను. ఆ ఆర్నెల్ల కాగితం మీద ఏడుగురి చేతా ముద్రలు వేయించడానికి మనసొప్పక, వాళ్ళ కాగితాలు సంచిలో పెట్టుకుని షెడ్డు బయటికి వచ్చాను. ముద్ర వెయ్యనివాళ్ళను మర్నాటి నుంచే రానివ్వరని నాకు తెలుసు. గేటు దగ్గర నాగమ్మ అని ఆ ఏడుగురిలో ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చింది. సంచిలోంచి నేను కాగితం తీస్తానేమోనని చెయ్యి చాపి నిలబడింది.

“మాకు ఒక్కటే పేరండి,” అంది. “మాక్కూడా ఇంకోటి మీరే పెట్టి రాయండి సారూ. ఏదైనా ఫర్లేదు.”